ఏథెన్స్ గుడ్లగూబ నాణెం: కన్ను చూసి కాలం చెప్పొచ్చా?

నమస్కారమండీ. గ్రీసులో ఉద్యోగం చేసి వచ్చిన మా మేనమామ ఈమధ్యే పోయారు. ఆయన పెట్టెలో ఒక వెండి నాణెం దొరికింది. ఒకవైపు శిరస్త్రాణంతో ఎథీనా దేవత. రెండోవైపు గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ కొమ్మ, చిన్న నెలవంక, ముందు ఆల్ఫా, థీటా, ఎప్సిలాన్ అక్షరాలు. ప్రాచీన కాలంలో ఏథెన్స్ వాళ్లు తమ దగ్గర్లోని లారియన్ గనుల వెండితో కొట్టిన నాలుగు డ్రాక్మాల (డ్రాక్మా అంటే అప్పటి గ్రీకుల డబ్బు) నాణెం ఇలాగే ఉంటుంది.

అసలుది సుమారు 17.2 గ్రాములు ఉండాలి. కంసాలి దగ్గర తూయిస్తే ఇది 15.1 వచ్చింది. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కూడా ఉంది. సుత్తితో కొట్టిన నాణేనికి అతుకు ఉండదు కదా? అంటే ఇది పోత పోసిన నకలేనా?

ఇంకో సంగతి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఎథీనా ముఖం పక్కకు తిరిగి ఉన్నా, కన్ను మాత్రం బాదంగింజలా ఎదురుగా చూస్తుండేది. 4వ శతాబ్దంలో కన్ను కూడా పక్కనుంచి కనిపించేలా చెక్కారు. మా దాంట్లో ఎదురుగానే ఉంది. నకలైనా సరే, ఏ కాలం నాణేన్ని చూసి చేశారో దీన్నిబట్టి చెప్పొచ్చా?

అమ్మే ఉద్దేశం లేదండీ. మామయ్య ఇంత భద్రంగా దాచుకున్నది ఏమిటో మా అత్తయ్యకు సరిగ్గా చెప్పాలని ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.