మెక్సికో చర్చి పుస్తకంలో ‘ఎస్పాన్యోల్’ అని ఉంటే స్పెయిన్‌లో వెతకడం మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: కృష్ణలంక ఆడపడుచు

నమస్కారం. మాది విజయవాడ. పదహారేళ్లుగా టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉంటున్నాను. మావారి పూర్వీకులది మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం. లోస్ ఆల్తోస్ అని పిలిచే ఎర్రమట్టి మెట్టప్రాంతంలో హలోస్తోతిత్లాన్ అనే ఊరు వారిది. మామగారు నిరుడు కాలం చేసిన తరువాత ఆయన పెట్టెలో ఆయన తాతగారి జనన ధ్రువపత్రం నకలు ఒకటి దొరికింది. దాని మీద 1888 అని ఉంది. “మన మూలపురుషుడు స్పెయిన్ నుంచి వచ్చాడు, ఏ ఊరో మాత్రం ఎవరికీ తెలియదు” అని మామగారు బతికి ఉన్నన్నాళ్లూ అంటూ ఉండేవారు. ఆ ఊరేదో తెలుసుకొని అత్తగారి చెవిన వేయాలని నా కోరిక.

ఫ్యామిలీసెర్చ్ అనే వంశ పరిశోధన వెబ్‌సైటులో ఉన్న చర్చి పుస్తకాల చిత్రాలు చూస్తూ, ఒక పెళ్లి నుంచి ఒక జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి), అక్కడి నుంచి వారి తల్లిదండ్రుల పెళ్లికి, ఇలా ఒక్కొక్క మెట్టూ ఎక్కి 1783 దాకా చేరుకున్నాను. ఆ పుటలో బిడ్డ పేరు పక్కన ‘ఎస్పాన్యోల్’ అని స్పష్టంగా ఉంది. తల్లిదండ్రుల పేర్లున్నాయి కానీ తాతల పేర్లు లేవు. ఎస్పాన్యోల్ అంటే స్పెయిన్‌వాడనే కదా అర్థం? అయితే ఆ బిడ్డ తండ్రే ఓడ దిగి వచ్చినవాడని అనుకోవచ్చా? స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఉన్న ప్రయాణికుల పత్రాల్లో ఆయన పేరుతో వెతికితే పదకొండు మంది కనిపించారు. వారిలో మావారి పూర్వీకుడెవరో తేల్చుకునే దారి ఏమిటి?

ఇంకొక సంగతి. వంశవృక్షాలు పెట్టుకునే ఒక వెబ్‌సైటులో ఎవరో మా ఇంటిపేరును ఏకంగా స్పెయిన్‌లోని కాస్తీల్య రాజులతో కలిపేశారు. వేరొక సంస్థ రుసుము తీసుకొని ‘మీ వంశ చిహ్నం’ అంటూ డాలు బొమ్మ పంపింది. వీటిలో దేనిని నమ్మాలో తెలియడం లేదు.

జవాబు 1: పాత దస్తరం

అమ్మా, మీరు 1783 దాకా మెట్టు తప్పకుండా ఎక్కి వచ్చారు, అది చిన్న పని కాదు. అందుకే ఇప్పుడు ఒక్క అంగలో సముద్రం దాటవద్దని ముందుగా మనవి చేస్తున్నాను.

ఆ పుస్తకంలోని ‘ఎస్పాన్యోల్’ అనే మాట పుట్టిన దేశాన్ని చెప్పదు. వలస పాలనలో మనుషులను వర్గాలుగా విడదీసి రాసేవారు: ఎస్పాన్యోల్, మెస్తీసో (స్పానిష్, మూలవాసుల మిశ్రమ సంతతి), ములాతో (ఆఫ్రికా మిశ్రమ సంతతి), ఇందియో (మూలవాసి), ఇంకా ఎన్నో. చాలాచోట్ల స్పానియార్డులకు ఒక పుస్తకం, మిగిలినవారికి వేరొక పుస్తకం పెట్టేవారు. మెక్సికోలోనే పుట్టి, తండ్రీ తాతా కూడా అక్కడే పుట్టినా, స్పానిష్ సంతతిగా చెల్లుబాటయ్యే మనిషిని ఎస్పాన్యోల్ అనే రాసేవారు. పైగా ఆ మాట చర్చి గురువు కంటికి కనిపించినదాన్ని బట్టి, ఊరు ఇచ్చే మర్యాదను బట్టి మారేది. ఒకే మనిషి జ్ఞానస్నానంలో మెస్తీసో అయి, పెళ్లినాటికి ఎస్పాన్యోల్ అయిన సందర్భాలు కొల్లలు. స్వాతంత్ర్యం వచ్చాక 1822లో ఈ వర్గాల పేర్లు రాయడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ తరువాతి పుటల్లో మీకు ఆ మాట కనిపించకపోవడానికి కారణం అదే.

ఇక కాలం సంగతి చూడండి. హలిస్కో రాజధాని గ్వాదలహార 1542లో ఇప్పుడున్న చోట స్థిరపడింది, మీ ఊరికి దగ్గరలోని లాగోస్ 1563లో ఏర్పడింది. అంటే 1783లో పుట్టిన ఆ బిడ్డ వంశం అప్పటికే రెండు వందల ఏళ్లుగా ఆ మెట్టలో పశువులు మేపుకుంటూ ఉండి ఉండవచ్చు. నిజంగా స్పెయిన్‌లో పుట్టినవాడైతే పెళ్లి నమోదులో సాధారణంగా ‘కాస్తీల్య రాజ్యాలలో పుట్టినవాడు’ అనో, ఏకంగా ఊరి పేరో రాసేవారు. ‘నతురాల్ దె’ అంటే ఫలానా ఊళ్లో పుట్టినవాడని, ‘వెసీనో దె’ అంటే ఫలానా ఊళ్లో కాపురం ఉంటున్నవాడని అర్థం. ఈ రెంటినీ కలిపేసుకొని దారి తప్పినవారిని చాలామందిని చూశాను.

మీరు ఇప్పుడు తెరవవలసినవి జ్ఞానస్నాన పుస్తకాలు కావు, పెళ్లికి ముందు జరిపిన విచారణ పత్రాలు. వధూవరులిద్దరూ ఎవరి పిల్లలు, ఎక్కడ పుట్టారు, ఇంతకుముందు పెళ్లయిందా అని సాక్షులను పిలిచి అడిగి రాసుకునేవారు. వీటిలోనూ అపురూపమైనవి బంధుత్వ మినహాయింపు పత్రాలు, స్పానిష్‌లో ‘దిస్పెన్సాస్’ అంటారు. మన ఇళ్లలో మేనరికం ముచ్చటగా జరిగే సంబంధం. అక్కడ మాత్రం ముత్తాత తండ్రి ఇద్దరికీ ఒక్కరే అయినా సరే, ఆ పెళ్లికి చర్చి అడ్డు చెప్పేది. మినహాయింపు కావాలంటే బంధుత్వాన్ని తరతరాల వారీగా నిరూపించి మేత్రాసనానికి, అంటే బిషప్ కార్యాలయానికి, అర్జీ పెట్టుకోవాలి. లోస్ ఆల్తోస్‌లో నాలుగైదు కుటుంబాలు తమలో తామే పిల్లనిచ్చి పుచ్చుకుంటూ వచ్చాయి గనుక ఇలాంటి అర్జీలు గ్వాదలహార మేత్రాసనంలో పుష్కలంగా ఉన్నాయి.

అర్జీలో తరచుగా ఒక బొమ్మ ఉంటుంది. పైన ‘త్రొంకో’ అని రాసి, అంటే చెట్టు మాను అన్నమాట, ఉభయులకూ మూలమైన దంపతుల పేరు పెడతారు. దాని కింద రెండు పాయలుగా గీతలు గీసి ఒకవైపు వరుడి తండ్రి, తాత, ముత్తాత, రెండోవైపు వధువు తరఫువారు వస్తారు. ఒక్క కాగితం మీద నూరేళ్ల వంశం కనిపిస్తుంది, అది కూడా ఆ ఊరి ముసలివాళ్లు ప్రమాణం చేసి చెప్పిన మాటల ఆధారంగా. 1783 నాటి బిడ్డ తల్లిదండ్రులకు అటువంటి అర్జీ ఉంటే మీరు ఒక్కసారిగా 1680ల దాకా వెళ్లిపోగలరు. వాళ్లకు లేకపోయినా వాళ్ల అన్నదమ్ములకో, చెల్లెలికో ఉండవచ్చు. మాను ఒక్కటే కదా.

ఇప్పుడు సెవిల్ విషయం. ఇండీస్‌కు, అంటే అమెరికా ఖండాల్లోని స్పెయిన్ వలసలకు, వెళ్లేవారికి అనుమతి ఇచ్చే కార్యాలయం 1503లో అక్కడ మొదలై, 1717లో కాదిస్‌కు మారి, 1790లో మూతపడింది. దాని కాగితాలు సెవిల్‌లోనే 1785లో ఏర్పడిన ఆర్చీవో హెనెరాల్ దె ఇందియాస్ అనే పత్రాగారంలో ఉన్నాయి. పారెస్ అనే స్పెయిన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. అయితే అనుమతి లేకుండా వెళ్లినవారు, సైనికులుగానో ఓడ పనివారుగానో ఎక్కి అవతల దిగిపోయినవారు ఎందరో. దొంగతనంగా ఓడ ఎక్కినవారిని ‘యొవీదోస్’ అనేవారు, వానతోపాటు కురిసినవారని అర్థం. కాబట్టి మీకు కనిపించిన పదకొండు మందిలో ఒక్కరూ మీవారు కాకపోవచ్చు. మెక్సికో వైపు కాగితంలో ఊరి పేరో తల్లిదండ్రుల పేర్లో దొరికేదాకా ఆ జాబితాను పక్కన పెట్టండి.

రాజుల వృక్షానికి ప్రతి తరానికీ ఒక కాగితం చూపించమని అడగండి. చూపకపోతే అది మీది కాదు. డాలు చిహ్నం విషయం ఇంకా తేలిక: చిహ్నం ఒక వంశానికి దక్కేదే తప్ప ఇంటిపేరు కలిసిన ప్రతివారికీ దక్కేది కాదు.

జవాబు 2: ఫిరంగిపురం

పై మిత్రులు చెప్పినదంతా నిజం. నేను కథోలిక కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడు మా విచారణలోని, అంటే మా చర్చి పరిధిలోని, జ్ఞానస్నాన రిజిస్టర్లు తిరగేసినవాణ్ని. మెక్సికో పుస్తకాలు మొదటిసారి చూసినప్పుడు ఆ వరుస నాకు కొత్తగా అనిపించలేదు: తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (జ్ఞానస్నానంలో బిడ్డకు అండగా నిలిచేవారు), అడుగున గురువుగారి సంతకం. ఆ జ్ఞాన తల్లిదండ్రుల పేర్లను దాటేసి పోకండి. చాలాసార్లు వారు తండ్రి అన్నో, తల్లి చెల్లెలో అయి ఉంటారు. తాతల పేర్లు లేని పుటలో తాతను పట్టిచ్చేది వారే.

ఇంటిపేర్ల విషయంలో మన అలవాటును పక్కన పెట్టాలి. మనకు ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది, పెళ్లయిన ఆడపిల్లకు మారుతుంది. అక్కడ పెళ్లయినా స్త్రీ పేరు మారదు, అందువల్ల తల్లుల వైపు వెతకడం మనకన్నా వారికే తేలిక. కానీ 17, 18 శతాబ్దుల్లో ఒకే తల్లి కడుపున పుట్టినవారిలో ఒకరు తండ్రి ఇంటిపేరు, ఒకరు అమ్మమ్మ ఇంటిపేరు పెట్టుకున్న ఉదాహరణలు విరివిగా ఉన్నాయి. పేరు మారింది గనుక మనిషి వేరని తీసిపారేయవద్దు. ‘బ’కూ ‘వ’కూ వాళ్ల రాతలో తేడా ఉండదు. హిమేనెస్ అనే పేరును ఇంగ్లీషు ఎక్స్ అక్షరంతోనూ, జె అక్షరంతోనూ, జి అక్షరంతోనూ రాశారు. వెతుకులాట పెట్టెలో ఒక్క రూపమే కొట్టి ‘లేదు’ అనుకుంటే నష్టపోతాం.

1859లో మెక్సికో అధ్యక్షుడు హువారెస్ ప్రభుత్వం పౌర నమోదు చట్టం తెచ్చాక జననమరణాలు ప్రభుత్వ పుస్తకాల్లోకి వచ్చాయి. దానికి ముందు చర్చి తప్ప దిక్కు లేదు. లోస్ ఆల్తోస్ చర్చిని అణచిన ప్రభుత్వంపై కథోలికులు 1926 నుంచి 1929 వరకు చేసిన క్రిస్తేరో యుద్ధానికి గుండెకాయ వంటి ప్రాంతం కావడంతో అక్కడి చర్చి సామగ్రి చాలా నష్టాలు చూసింది. మీ వరుసలో ఏదైనా పుస్తకం లేకపోతే నిరాశపడకండి, నోటరీల దగ్గరి వీలునామాలు చూడండి. వీలునామా మొదటి పేరాలోనే “నేను ఫలానావారి బిడ్డను, ఫలానా ఊళ్లో పుట్టాను” అని చెప్పుకోవడం ఆనవాయితీ.

స్పెయిన్‌లో పుట్టిన వరుడికి మరొక గుర్తు ఉంటుంది. అక్కడ భార్యను వదిలి వచ్చి ఇక్కడ మళ్లీ పెళ్లాడేవారు ఉండేవారు గనుక, తాను ఒంటరివాణ్నని సాక్షులతో చెప్పించుకోవాలి. ఆ సాక్షులు తరచుగా అదే ఊరివారో, అదే ఓడలో వచ్చినవారో అయి ఉంటారు. “ఇతణ్ని చిన్నప్పటి నుంచి ఎరుగుదును, మా ఇద్దరిదీ ఒకే ఊరు” అన్న ఒక్క వాక్యం దొరికితే మీ మామగారి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఇండీస్‌లో వారసులు దగ్గర లేకుండా చనిపోయిన స్పానియార్డుల ఆస్తిని స్పెయిన్‌లోని వారసులకు పంపిన ఫైళ్లు కూడా సెవిల్‌లో ఉన్నాయి. ‘బియెనెస్ దె దిఫుంతోస్’ అన్న పేరుతో వెతకండి. వాటిలో ఊరు, తల్లిదండ్రులు, తోబుట్టువులు అన్నీ ఉంటాయి.

జవాబు 3: మైనేని

నాకు ఒక విన్నపం ఉంది. స్పెయిన్ దాకా వెళ్లే గీత మీ పిల్లల పూర్వీకుల్లో ఒక్క గీత మాత్రమే. మెక్సికో ప్రజల్లో అత్యధికులకు తల్లి నుంచి తల్లికి మాత్రమే దిగివచ్చే మైటోకాండ్రియా జన్యువు అక్కడి మూలవాసులదే, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము మాత్రం ఎక్కువగా ఐరోపాది. ఎవరు ఓడల్లో వచ్చారో, వచ్చినవారు ఎవరితో కాపురం చేశారో ఆ తేడాయే చెబుతుంది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావారి సంతతి కూడా ఆ ప్రాంతపు పుస్తకాల్లో ‘ములాతో’ అన్న పేరుతో అడుగడుగునా కనిపిస్తుంది. డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం) ఇంత శాతం అని వస్తుందే తప్ప ఊరి పేరు రాదు. దూరపు బంధువుల జాబితా మాత్రం పనికివస్తుంది, ఎందుకంటే వారి దగ్గర మీకు దొరకని కాగితం ఉండవచ్చు. ‘తండ్రి తెలియదు’ అని రాసిన పుట ఎదురైనా, ‘ఇందియా’ అని రాసిన ముత్తవ్వ ఎదురైనా ఆ గీతను అక్కడ ఆపేయకండి.

ఇదంతా స్పెయిన్ పౌరసత్వం కోసం అనుకునేవారికి ఒక మాట: వలసకాలపు పూర్వీకుణ్ని చూపితే ఆ హక్కు రాదు. ఒకప్పుడు స్పెయిన్ వెళ్లగొట్టిన సెఫార్దీ యూదుల సంతతికి 2015లో తెచ్చిన చట్టం కింద దరఖాస్తుల గడువు కూడా 2019 అక్టోబరు 1తో ముగిసింది.

కృష్ణలంక ఆడపడుచు

అందరికీ ధన్యవాదాలు. పౌరసత్వం మా ఉద్దేశం కాదు. సెవిల్ జాబితా మూసేసి, నాలుగు రాత్రులు కూర్చొని మీరు చెప్పిన దిస్పెన్సాస్ తిరగేశాను. ఆ దంపతులకు లేదు కానీ, ఆ బిడ్డ మేనత్త పెళ్లికి పెట్టిన అర్జీ దొరికింది. వారి బంధుత్వం ‘మూడో తరానికి నాలుగో తరం’ అని ఉంది. బొమ్మ కూడా ఉంది. సిరా కాగితం వెనకవైపుకు దిగిపోవడం వల్ల సగం పేర్లు చదవలేకపోయినా, మాను కింద మావారి ఇంటిపేరు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. రెండో పాయలో ఒక స్త్రీని మెస్తీసా అని రాశారు. ఆ సంగతి అత్తగారికి చెప్పడానికి కొంచెం తటపటాయించాను. ఆమె మాత్రం పేరు రెండుసార్లు అడిగి చెప్పించుకొని, మామగారి పాత నోటుపుస్తకంలో తన చేత్తోనే రాసుకున్నారు.

ఒక సందేహం మిగిలింది. మాను దగ్గర ఉన్న పురుషుడి పేరు ఎక్స్, పి అనే రెండు అక్షరాలతో మొదలై, మధ్యలో ఏదో మింగేసి, ‘వల్’ అని ముగిసింది. అటువంటి పేరు నేను ఎక్కడా వినలేదు. ఎవరైనా చెప్పగలరా?

ఫిరంగిపురం

ఆ రెండూ గ్రీకు అక్షరాలు, క్రీస్తు నామానికి సంక్షిప్తంగా గురువులు అలా రాసేవారు. కాబట్టి పేరు క్రిస్తోబల్. చివర ‘బ’కు ‘వ’ రాశారు, అంతే. ఆయన పెళ్లి 1690లకు కాస్త అటూఇటూగా జరిగి ఉండాలి. ముందు హలోస్తోతిత్లాన్ పెళ్లి పుస్తకం, అందులో లేకపోతే లాగోస్ పుస్తకం చూడండి. పేరు పక్కన ‘నతురాల్ దె’ తరువాత ఏముందో ఆ ముక్క వరకు పెద్దది చేసి ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.