పాత కోర్టు పేటను మొత్తంగా కాపాడే మార్గం ఉందా?

ప్రశ్న (శ్రీకాకుళం నుండి):
మా తాతగారు ప్లీడరు గుమాస్తా. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్లి చూసిన కోర్టు నాకు భవనం ఒక్కటే కాదు. చెట్టు కింద వాయిదా పిలుపు కోసం ఎదురుచూసే పల్లెల వాళ్లు, దస్తావేజు లేఖరుల బల్లలు, స్టాంపు వెండర్లు, వీధి పొడవునా ప్లీడర్ల పెంకుటిళ్లు, అన్నీ కలిస్తేనే కోర్టు. ఆ పెంకుటిళ్లు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. కోర్టు కొత్త భవనానికి మారితే పాతదీ అలాగే పోతుందేమోనని నా బెంగ. ఇలాంటి పేటను మొత్తంగా రక్షించే చట్టం ఉందా?

సమాధానం 1 (న్యాయవాది, విజయనగరం):
పురాతన కట్టడాల కోసం 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం ఉన్నాయండీ. రెండూ నోటిఫై చేసిన కట్టడాన్నీ స్థలాన్నీ రక్షిస్తాయి. కేంద్ర రక్షణలోని కట్టడానికి 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. అయితే ఆ హద్దు కొత్త కట్టుబడిని ఆపగలదే గాని, కురుస్తున్న పెంకుటింటిని బాగు చేయించలేదు. పేట మొత్తానికి రక్షణ కావాలంటే పట్టణ ప్రణాళికలోనే దాన్ని వారసత్వ ప్రాంతంగా చేర్పించాలి. 1995లో హైదరాబాదు పట్టణాభివృద్ధి నిబంధనల్లో అలాంటి నియమం చేర్చారు. అది తరువాత రద్దయినా, నమూనాగా చూపడానికి పనికొస్తుంది.

సమాధానం 2 (విజయనగరం నుండి):
చట్టం కన్నా ముందు వాడకం ముఖ్యమని నా అభిప్రాయం. 1713లో పునాది పడిన మా కోటలో విద్యాసంస్థలు నడుస్తున్నాయి కనుక గదుల తలుపులు రోజూ తెరుచుకుంటున్నాయి. 1885 నాటి 68 అడుగుల గంటస్తంభం బజారు నడుమ నిలిచి, ఊరివాళ్లు దారి చెప్పుకోవడానికి ఇప్పటికీ గుర్తుగా పనికొస్తోంది. మీ పాత కోర్టుకూ లోక్ అదాలత్, న్యాయ గ్రంథాలయం, రికార్డుల గది వంటి పని ఏదైనా ముందే అడిగి ఉంచండి, ఎందుకంటే తాళం పడిన భవనం నాలుగు వానాకాలాల్లోనే శిథిలమవుతుంది. మరమ్మతుకు మాత్రం సిమెంటు పూయించకండి. సున్నపు గోడలోని తడి బయటకు పోయే దారి లేక ఇటుక లోపలే పాడవుతుంది. గానుగ సున్నం తెలిసిన మేస్త్రీని వెతకండి.

సమాధానం 3 (శ్రీకాకుళం నుండి):
అర్జీలో మన చరిత్రను తప్పక రాయండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు మనం గంజాం జిల్లాలో, ఆపై విశాఖపట్నం జిల్లాలో ఉన్నాం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. మూడు జిల్లాల కాలాన్ని చూసిన కోర్టు వీధి మనది. పాత భూతగాదాల కాగితాల కోసం వెతికేవారికి కూడా ఈ తేదీలే దారి చూపుతాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మిగిలిన పెంకుటిళ్లను ఫొటోలు తీసి, కొలతలు రాసి, యజమానుల అంగీకారంతో ఈ నెలలోనే అర్జీ సిద్ధం చేస్తాను.