కొత్త భాష మొదలుపెట్టగానే ఉచ్చారణ మీద కూర్చోవాలా?

కొత్తపలుకు:
మాండరిన్ మొదలుపెట్టబోతున్నాను. మొదటి నెలంతా ధ్వనులకే ఇవ్వమని కొందరు, మాట్లాడుతూ పోతే నోరు దానంతటదే తిరుగుతుందని ఇంకొందరు. మీరేమంటారు?

వాక్ప్రియ:
మొదట్లోనే ధ్వనిశాస్త్రం నెత్తిన పెడితే టెన్షన్ వచ్చి నోరే విప్పరండీ. పిల్లలు ఏ పాఠం చదివి పలకడం నేర్చుకున్నారు? ముందు మాటలు పోగు చేసుకోండి, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. యాస ఉంటే ఏమైంది, అవతలివాళ్లకు అర్థమైతే చాలదా?

నాలుక:
వాక్ప్రియ గారూ, యాస విషయంలో మీతో ఏకీభవిస్తాను. యాస బలంగా ఉన్నా మాట పూర్తిగా అర్థం కావచ్చని మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లోనే చూపించారు. పిల్లల ఉదాహరణ మాత్రం మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. 1984లో వెర్కర్, టీస్ చేసిన ప్రయోగాల్లో, ఇంగ్లీషు వింటూ పెరిగే పసివాళ్లు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీ త, ట తేడాను పట్టగలిగారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. అంటే పిల్లల చెవి మాటలు రాకముందే తన భాషకు అలవాటు పడిపోతోంది. మనం రెండో భాషకు తీసుకెళ్లేది అలా అలవాటు పడిపోయిన చెవినే.

మన సంగతే చూడండి. ఇంగ్లీషులో పడమరను చెప్పే వెస్ట్, తొడుక్కునే వెస్ట్ మనకు ఒకే ‘వ’. అక్కడ రెండు ధ్వనులున్నాయని ఎవరైనా చెప్పేదాకా, ఏళ్ల తరబడి విన్నా చాలామందికి అనుమానమే రాదు. వింటూ పోతే వస్తుందనడం అందుకే నాకు మింగుడుపడదు.

‘తర్వాత దిద్దుకోవచ్చు’ అన్నదానితో ఇంకా పెద్ద పేచీ. మాండరిన్‌లో ‘మా’ను నాలుగు స్వరాల్లో, అంటే గొంతు హెచ్చుతగ్గులు మార్చి నాలుగు రకాలుగా పలికితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టడం అవుతాయి. స్వరం వదిలేసి వెయ్యి మాటలు బట్టీపడితే ఆ వెయ్యీ మళ్లీ నేర్చుకోవాలి!

వాక్ప్రియ:
అయితే నెలంతా నోరు మూసుకోవాలా? అంత ఓపిక ఎవరికుంటుంది?

నాలుక:
అక్కర్లేదండీ, మొదటి రోజు నుంచే మాట్లాడాలి. నెలంతా ధ్వనులకే ఇవ్వడం నాకూ నచ్చదు. రోజూ కాసేపు, ఒక్క ధ్వనే తేడా ఉన్న జంట మాటలు విని ఏది విన్నారో చెప్పండి. తప్పో ఒప్పో అక్కడికక్కడే తెలియాలి. ఒకే గొంతు కాకుండా పలువురి గొంతులు వినాలి. జపనీస్ మాట్లాడే పెద్దవాళ్లకు ఇంగ్లీషు ర, ల తేడాను లోగన్, లైవ్లీ, పిసోని అలా పలు గొంతులతోనే నేర్పారు, వాళ్ల గుర్తింపు మెరుగైంది (1991). వయసొచ్చాక చెవి మారదన్నది నిజం కాదు.

కొత్తపలుకు గారూ, మీకో వెసులుబాటు ఉంది. మాండరిన్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్‌లో ‘బి’ (b) అక్షరాన్ని చూసి ‘బ’ అనకండి, అది దాదాపు మన ‘ప’. ‘పి’ (p) అక్షరమేమో ఊపిరి వదిలి పలికే ‘ఫ’, అంటే ‘ఫలం’లో ఒత్తి పలికే ఫ. త, థ లాంటి జంటలు మన అక్షరమాలలోనే ఉన్నాయి కాబట్టి ఆ తేడా మీకు త్వరగా పట్టుబడుతుంది. మిగిలిన సమయం స్వరాలకూ, నాలుక మడిచి పలికే ‘ష’కూ, ముందుకు చాచి పలికే ‘శ’ లాంటి ధ్వనికీ ఇవ్వండి. స్వరాలను విడి అక్షరాల్లో కాకుండా రెండక్షరాల మాటల్లో సాధన చేయండి. మూడో స్వరాలు రెండు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరంగా మారిపోతుంది. పలకరింపు ‘నీ హావ్’లోనే అది ఎదురవుతుంది.