72 ఏళ్లు, 52 కిలోలు, ఏఫిబ్: ఆపిక్సాబాన్ 2.5 సరిపోతుందా?

అరండల్‌పేట_గుంటూరు:

అమ్మకి 72 ఏళ్లు, బరువు 52 కిలోలు. ఈసీజీలో ఏఫిబ్ అని తేలింది. గుండె పైగదులు లయ తప్పి కొట్టుకుంటున్నాయన్నారు. బీపీ ఉంది, టెల్మిసార్టాన్ 40 వాడుతోంది. షుగరు లేదు. క్రియాటినిన్ 1.1, హిమోగ్లోబిన్ 10.8, థైరాయిడ్ మామూలుగానే ఉంది. ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే రక్తం శాతం) 58, ఎడమ కర్ణిక 44 మి.మీ., మైట్రల్ కవాటం సన్నబడలేదు.

చీటీలో రాసినవి: రక్తం పలచబరిచే ఆపిక్సాబాన్ 2.5 రోజుకి రెండుసార్లు, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ 25 ఒకసారి. మోకాళ్ల నొప్పులకి అసిక్లోఫెనాక్ చాలాకాలంగా దాదాపు రోజూ వేసుకుంటోంది. కూర్చున్నప్పుడు నాడి 100 నుంచి 115 మధ్య ఉంటోంది.

అడగాల్సినవి ఇవి. 2.5 మోతాదు సరైనదేనా? ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) చాలదా అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతున్నారు, ఏం చెప్పాలి? రక్తం పలచబరిచే పాత మందు అసిట్రోమ్ చవక కదా, దానికి మారొచ్చా? లయ సరిచేసే మాత్రలు వేరే ఉంటాయట, అవి అడగాలా? గోంగూర, ఆకుకూరలు మానేయాలా?

---

మోతాదు_లెక్క (విజయవాడ):

ముందు మోతాదు సంగతి చూద్దాం. మీరు ఇచ్చిన వివరాల్లో అన్నిటికంటే తేడాగా కనిపిస్తున్నది అదే.

ఆపిక్సాబాన్ మామూలు మోతాదు 5 మి.గ్రా., రోజుకి రెండుసార్లు. దాన్ని 2.5కి తగ్గించడానికి మూడు కొలతలున్నాయి: వయసు 80 లేదా అంతకు మించి ఉండటం, బరువు 60 కిలోలు లేదా అంతకు తక్కువ ఉండటం, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు మించి ఉండటం. ఈ మూడింటిలో కనీసం రెండు ఉంటేనే తగ్గించాలి. అమ్మగారికి బరువు ఒక్కటే వర్తిస్తుంది. ఈ లెక్కన ఆమెకి రావలసింది 5.

బక్కగా ఉన్న పెద్దావిడని చూసి "తక్కువతో మొదలుపెడదాం" అనుకోవడం చాలాచోట్ల జరుగుతుంది. సగం మోతాదుతో రక్తస్రావం భయం సగమవుతుందని నమ్మకం పెట్టుకోలేం, పక్షవాతం నుంచి రక్షణ మాత్రం తగ్గుతుంది. అలాగని ఇవాళ్టి నుంచి మీరే రెండేసి మాత్రలు వేయకండి. డాక్టర్‌గారు తగ్గించడానికి మీకు చెప్పని కారణం ఉండొచ్చు. ఆ కారణం హిమోగ్లోబిన్ అయ్యుండొచ్చని నా అనుమానం. 10.8 అంటే రక్తం తక్కువే. రోజూ అసిక్లోఫెనాక్ వేసుకునే మనిషికి రక్తం తక్కువగా ఉంటే మొదట అనుమానించాల్సింది పొట్టలో పుండు, అక్కణ్నుంచి కొద్దికొద్దిగా రక్తం పోవడం. మలంలో రక్తం పరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష), అవసరమైతే ఎండోస్కోపీ చేయిస్తే తేలిపోతుంది. రక్తం పోతున్న చోటు కనిపెట్టి ఆపాలి, మోకాళ్ల మాత్ర మానిపించాలి, ఆ తర్వాత పూర్తి మోతాదు ఇవ్వాలి. పద్ధతి అది. కారణం వెతక్కుండా పలచబరిచే మాత్రని సగం చేస్తే రెండు సమస్యలూ అలాగే ఉండిపోతాయి.

డాక్టర్‌గారిని అడగాల్సిన మాట ఒక్కటే: "వయసు 80 దాటలేదు, క్రియాటినిన్ 1.5 లేదు, బరువు మాత్రమే తక్కువ. 2.5 రాయడానికి కారణం ఏంటండీ?"

మూత్రపిండాలు ఎంత బాగా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క (క్రియాటినిన్ క్లియరెన్స్) కూడా చేసి పెట్టుకోండి. 140లోంచి వయసు తీసేసి బరువుతో హెచ్చించండి. దాన్ని 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించండి. ఆడవాళ్లకైతే చివర్లో 0.85తో హెచ్చించాలి. అమ్మగారికి 68 × 52 = 3536. 79.2తో భాగిస్తే 44.6, ఆడవాళ్ల లెక్కన దాదాపు 38. క్రియాటినిన్ 1.1 చూసి "కిడ్నీలు బాగున్నాయి" అనుకుంటాం కానీ కండ తక్కువగా ఉన్న పెద్దవాళ్లలో ఆ అంకె మోసం చేస్తుంది. ఈ 38ని పదితో భాగిస్తే 3.8, అంటే సుమారు నాలుగు నెలలకోసారి క్రియాటినిన్ చూడాలి. మన దగ్గర రోహిణి కార్తె ఎండల్లోనూ, వాంతులు విరేచనాలు అయినప్పుడూ ఆ నాలుగు నెలలు ఆగకూడదు. ఒంట్లో నీరు తగ్గిన రెండు మూడు రోజుల్లోనే క్రియాటినిన్ పెరిగిపోతుంది.

ఇదే తరగతిలో ఉన్న మిగతా మందులు పోల్చి చూస్తే, డాబిగాట్రాన్ 80 శాతం దాకా మూత్రపిండాల ద్వారానే పోతుంది, ఆపిక్సాబాన్ 27 శాతమే. రివరాక్సాబాన్ అయితే 38 దగ్గర 20 బదులు 15 ఇవ్వాలి, అదీ అన్నంతోపాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటికి పట్టదు. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు ఉండే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఆపిక్సాబాన్‌కి తిండితో పని లేదు. ఆమెకి ఈ మందు ఎంచుకోవడం సరైనదే, మోతాదే తేల్చుకోవాలి.

ఎకోస్ప్రిన్ సంగతి: ఏఫిబ్‌లో గడ్డ కట్టేది ఎడమ కర్ణికకి అంటుకుని ఉండే చిన్న సంచిలో. అక్కడ రక్తం కదలక నిలవడం వల్ల కడుతుంది, అది మెదడుకి చేరితే పక్షవాతం. ఆస్పిరిన్ రక్తనాళాల్లో ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూస్తుంది గానీ ఈ రకం గడ్డని పెద్దగా ఆపదు. 2011లో వచ్చిన అవెర్రోస్ అధ్యయనంలో ఆపిక్సాబాన్‌ని నేరుగా ఆస్పిరిన్‌తో పోల్చారు. పక్షవాతాలు సగానికంటే ఎక్కువ తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు రెండువైపులా దాదాపు సమానం. "ఎకోస్ప్రిన్ తేలికైన మందు, ప్రమాదం లేదు" అనే మాటకి ఇదే జవాబు. స్టెంటు లాంటి వేరే కారణం లేకపోతే రెండూ కలిపి వేయకూడదు కూడా.

ఆమెకి పలచబరిచే మందు అవసరమా అనే సందేహమే అక్కర్లేదు. పక్షవాతం ముప్పుని కొలిచే చాడ్స్-వాస్క్ లెక్కలో 65 నుంచి 74 మధ్య వయసుకి 1, బీపీకి 1, ఆడవాళ్లకి 1, మొత్తం 3. 2024 యూరప్ మార్గదర్శకాలు ఆడ-మగ పాయింటు తీసేశాయి. అలా చూసినా 2. మందు వాడాల్సిందే.

---

స్ట్రిప్పు_చూసి_అడగండి (సూర్యారావుపేట):

పైన చెప్పినదానికి మందుల షాపు వైపు నుంచి కొన్ని కలుపుతాను.

అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ నాలుగూ ఒక కోవవే. పేరు వేరైనంత మాత్రాన "ఇది ఆ మందు కాదు" అనుకోకండి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో కూర్పు చదవండి. పారాసెటమాల్ కలిపిన నొప్పి మాత్రల్లో చాలావాటిలో ఇవే ఉంటాయి. ఈమె విషయంలో నష్టం మూడు వైపుల నుంచీ ఉంది: ఆపిక్సాబాన్‌తో కలిసి రక్తస్రావం, టెల్మిసార్టాన్‌తో కలిసి మూత్రపిండాల మీద భారం, పైగా బీపీ పెరగడం. నొప్పికి పారాసెటమాల్ 500 లేదా 650 డాక్టర్ చెప్పిన లెక్కలో, మోకాలికి ఫిజియోథెరపీ, తొడ కండరం గట్టిపడే వ్యాయామం. అంతకు మించి కావాలంటే ఎముకల డాక్టర్‌కి "రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నారు" అని మొదటి మాటగా చెప్పండి.

ఇంజెక్షన్ విషయం ప్రత్యేకంగా రాస్తున్నాను. నొప్పి అంటే తుంటికి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మన ఊళ్లలో అలవాటు. పలచబరిచే మందు మీద ఉన్నవాళ్లకి కండలోకి సూది గుచ్చితే లోపల నెత్తురు గూడుకట్టి తుంటి వాచిపోవచ్చు. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లినా ఈ సంగతి ముందే చెప్పాలి.

మాత్ర మర్చిపోతే: రోజుకి రెండుసార్లు వేసే మందు ఆరు గంటల లోపు గుర్తొస్తే వేసేయండి. ఆరు దాటితే ఆ పూట వదిలేసి తర్వాతి పూట మామూలుగా వేయండి. రెండు కలిపి వేయకూడదు. ఈ మందు బలం ఒకటి రెండు పూటలకే తగ్గిపోతుంది, అందుకే స్ట్రిప్పు అయిపోయాక కొనుక్కుందాంలే అనుకోకూడదు. వారం ముందే కొనండి. పండగ సెలవుల్లో ఊరెళ్తే పది మాత్రలు ఎక్కువ పెట్టుకోండి. కంపెనీ మారినా ఫర్వాలేదు, స్ట్రిప్పు మీద 2.5 ఉందా 5 ఉందా అని ప్రతిసారీ చూడండి. షాపులో సగం కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్పు మీద చాలాసార్లు ఆ అంకె ఉన్న ముక్కే మిగలదు.

పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా మాత్ర మీరే ఆపకండి. కొన్నింటికి ఆపనే అక్కర్లేదు, కొన్నింటికి ఎన్ని పూటలు ఆపాలో క్రియాటినిన్ చూసి చెప్తారు. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ ఆపిక్సాబాన్ బలాన్ని బాగా తగ్గించేస్తాయి. ఎప్పుడైనా ఇవి రాస్తే వెంటనే గుండె డాక్టర్‌కి చెప్పండి.

---

నాడి_పట్టు (గుంటూరు కొత్తపేట):

నాడి 100 నుంచి 115 అన్నారు. దేంతో చూశారు? వేలికి పెట్టే ఆక్సీమీటర్ అయితే నమ్మకండి. ఏఫిబ్‌లో కొన్ని కొట్టుకోవడాలు బలహీనంగా ఉండి వేలిదాకా రావు, అంకె తక్కువ చూపిస్తుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం కూడా ఈ జబ్బులో తప్పు. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి, వీలైతే స్టెతస్కోపు గుండె మీద పెట్టి. ఈసీజీ కాగితం చేతిలో ఉంటే, పది సెకన్ల పట్టీలో ఉన్న పొడుగు గీతలన్నీ లెక్కపెట్టి ఆరుతో హెచ్చిస్తే సరిగ్గా తెలుస్తుంది. బీపీ మిషన్ కూడా ఒక్కసారి చూసి వదలకండి, రెండేసి నిమిషాల తేడాతో మూడుసార్లు చూసి సగటు రాసుకోండి.

వేగం సంగతి. కూర్చున్నప్పుడు 110 లోపు ఉంటే చాలని 2010లో రేస్-2 అధ్యయనం చూపించింది. ఆయాసం, దడ, నీరసం ఉంటే 80 దాకా తగ్గించడానికి చూస్తారు. మెటోప్రొలాల్ 25 చాలా చిన్న మోతాదు, బీపీ తట్టుకుంటే 50కీ ఆ పైకీ పెంచుకుంటూ పోవచ్చు. ఆస్తమా ఉంటే ముందే చెప్పండి, అప్పుడు డిల్టియాజెమ్ వైపు వెళ్తారు. ఈఎఫ్ 58 కాబట్టి అది ఇవ్వొచ్చు, 40 లోపు ఉంటే ఇవ్వరు. ఈ రెండిటినీ ఎవరికి వారు కలిపి వేసుకుంటే గుండె మరీ నెమ్మదించి పడిపోయే ప్రమాదం ఉంది. డిగాక్సిన్ కూర్చున్నప్పుడు తగ్గిస్తుంది కానీ నడిస్తే, మెట్లెక్కితే అంత పనిచేయదు. పైగా మూత్రపిండాల లెక్క 38 ఉన్న ఆవిడకి అది ఒంట్లో పేరుకుంటుంది. అన్నం సయించకపోవడం, వికారం, చూపు పసుపుగా మారడం దాని విషలక్షణాలు.

మెటోప్రొలాల్ పెంచాక కళ్లు తిరిగినా, నాడి 50 లోపుకి పడినా ఫోన్ చేయాలి. కొందరిలో ఒక పూట వేగంగా, ఒక పూట మరీ నెమ్మదిగా ఉంటుంది. అది 24 గంటల హోల్టర్‌లోనే (ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ) బయటపడుతుంది. ఒక్కసారిగా మానేయడం కూడా వద్దు, వేగం ఎదురుతన్నుతుంది.

లయ మాత్రలు అడగాలా అంటే, అడగాలి. 2020లో వచ్చిన ఈస్ట్ అధ్యయనం, జబ్బు బయటపడిన ఏడాది లోపు లయ సరిచేసే వైద్యం మొదలుపెడితే పక్షవాతం, గుండె సంబంధమైన మరణాలు వగైరా కలిపి చూస్తే తగ్గాయని చూపించింది. అమ్మగారు ఇంకా ఆ ఏడాదిలోనే ఉన్నట్టున్నారు. మాట్లాడాల్సింది ఎలక్ట్రోఫిజియాలజిస్ట్‌తో, అంటే గుండె లయ చూసే ప్రత్యేక డాక్టర్‌తో. అమియోడరోన్ బాగా పనిచేస్తుంది, కానీ థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తుల మీద దుష్ప్రభావాలు చూపుతుంది. ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది. మొదలుపెట్టే ముందూ, ఆరు నెలలకోసారీ టీఎస్హెచ్, కాలేయం పరీక్షలు చేయించాలి. ఎండకి చర్మం కమిలిపోతుంది కాబట్టి గుంటూరు వేసవిలో పూర్తి చేతుల బట్టలు తప్పవు. ఫ్లెకైనైడ్ గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నవాళ్లకీ, ఈఎఫ్ తగ్గినవాళ్లకీ ప్రమాదం, వాళ్లకి ఇవ్వరు.

లయ సరైపోయింది కదా అని ఆపిక్సాబాన్ ఆపేయడం చాలా చోట్ల జరిగే పొరపాటు. లయ మళ్లీ తప్పినా తెలియకపోవచ్చు. చాడ్స్-వాస్క్ స్కోరు తగ్గలేదు కాబట్టి మందు కొనసాగాలి. షాక్ ఇచ్చి లయ సరిచేసినా అంతకు ముందు మూడు వారాలు, తర్వాత కనీసం నాలుగు వారాలు ఒక్క పూట తప్పకుండా పలచబరిచే మందు పడాలి.

---

ఐఎన్ఆర్_పుస్తకం (మంగళగిరి):

అసిట్రోమ్ గురించి ఎవరూ చెప్పలేదు. అది పాతది కాబట్టి పనికిరాదని కాదు. రుమాటిక్ జ్వరం (మోకాళ్ల అరుగుదల కాదు, కీళ్లవాత జ్వరం) వల్ల మైట్రల్ కవాటం సన్నబడినవాళ్లకీ, లోహపు కవాటం వేసినవాళ్లకీ అదే లేదా వార్ఫరిన్ వాడాలి. 2022లో ఇన్విక్టస్ అధ్యయనం రుమాటిక్ గుండెజబ్బుతో ఏఫిబ్ ఉన్నవాళ్లలో రివరాక్సాబాన్ కంటే ఈ పాత మందులతోనే మరణాలు తక్కువని తేల్చింది. మన ప్రాంతంలో ఈ కవాటం జబ్బు ఇంకా ఉంది, అందుకే ఎకో చూడకుండా కొత్త మందు మొదలుపెట్టకూడదు. మీ ఎకోలో కవాటం బాగుంది కాబట్టి ఆ అవసరం లేదు.

చవక అన్నమాట పూర్తిగా నిజం కాదు. మాత్ర చవకే, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె) పరీక్షలు, తిరుగుడు కలిపితే లెక్క మారుతుంది. మొదట్లో వారానికి రెండుసార్లు, నిలకడగా 2 నుంచి 3 మధ్య ఉంటే నెలకోసారి. మెట్రోనిడజోల్ లాంటి మాత్ర ఒక కోర్సు పడితే చాలు ఐఎన్ఆర్ ఎగిరిపోతుంది.

ఆకుకూరల భయం కూడా అసిట్రోమ్‌దే, ఆపిక్సాబాన్‌తో గోంగూర, తోటకూర, పాలకూర ఏదైనా తినొచ్చు. అసిట్రోమ్ వాడేవాళ్లూ మానక్కర్లేదు, వారం వారం ఒకేలా తినాలి. ఏడాదంతా మునగాకు ముట్టకుండా ఆషాఢంలో రోజూ తింటే ఐఎన్ఆర్ పడిపోతుంది. మునగాకు పొడి డబ్బాలకీ ఇదే వర్తిస్తుంది.

---

అరండల్‌పేట_గుంటూరు:

అందరికీ ధన్యవాదాలండీ. అసిక్లోఫెనాక్ ఈ రాత్రి నుంచే ఆపిస్తాం. నాడి ఆక్సీమీటర్‌తోనే చూశాం, రేపు 60 సెకన్లు లెక్కపెడతాను. మోతాదు సంగతి, రక్తం తక్కువ సంగతి కలిపి అడుగుతాను. ఎప్పుడు అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా పరిగెత్తాలో కూడా చెప్పండి.

---

మోతాదు_లెక్క (విజయవాడ):

మలం తారులా నల్లగా వస్తే (ఐరన్ మాత్రలతోనూ నల్లబడుతుంది కానీ జిగటగా, దుర్వాసనగా ఉండదు), మూత్రంలో నెత్తురు కనిపిస్తే, పది నిమిషాలు గట్టిగా నొక్కినా ముక్కు నుంచి రక్తం ఆగకపోతే అదే రోజు వెళ్లాలి. కిందపడి తలకి దెబ్బ తగిలితే బాగానే మాట్లాడుతున్నా సీటీ తీయించాలి.

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి, సీటీ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు. పలచబరిచే మాత్ర మీద ఉన్నవాళ్లకి అది ఇవ్వొచ్చా లేదా అనేది చివరి మాత్ర ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టే చూస్తారు. అందుకని స్ట్రిప్పు పక్కనే ఒక చిన్న కాగితం పెట్టి, ప్రతి పూటా మాత్ర వేసిన టైము రాయించండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, స్ట్రిప్పు రెండూ చేతిలో ఉండాలి.