ఒకే ఊరు, ఒకే భూమి, ఒకరి ఇల్లే ఎందుకు మునుగుతాది?

సీమోడు:
మాది అనంతపురం సైడు. మా ఊర్లో అన్నదమ్ములు ఇద్దరికీ చెరి నాలుగెకరాల మెట్ట, ఇద్దరూ శెనక్కాయే వేస్తారు, వాన రాకపోతే ఇద్దరికీ రాదు కదా, మరి పెద్దాయన ఎట్లాగో నెట్టుకొస్తాండాడు, చిన్నాయన మాత్రం పదేండ్లలో రెండెకరాలు అమ్ముకున్న్యాడు. తాగుడు లేదు, సోమరీ కాదు. ఎవర్నడిగినా "వాని రాత" అంటారు. అసలు తేడా ఎక్కడొస్తాది?

పల్నాడు మిర్చి:
రాత కాదు బ్రో. ఎన్ని బోర్లు వేయించాడో, ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో కనుక్కోండి ముందు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, ఆపరేషన్ ఖర్చు చాలావరకు తప్పుద్ది, కాదనను, కానీ నెలనెలా మందులు, ఆటో కిరాయిలు, పక్కన కూర్చున్నోళ్ల కూలి పోవడం ఇయ్యన్నీ ఎవరిస్తారు, అక్కడే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. లక్షకి ఏడాదికి 36 వేలు వడ్డీకే పోద్ది, అసలు అట్టాగే ఉంటది. నాలుగెకరాల మెట్టలో అంత మిగిలేది ఏ ఏడు?

పాలమూరు పిల్లగాడు:
మీకు భూమన్న ఉంది. కౌలుకు చేసెటోళ్ల సంగతి చూడున్రి. 2018ల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4 వేలు పట్టాదారు ఖాతాలనే పడ్డయి, దున్నెటోనికి ఏం రాలె. ఆంధ్రల 2019 చట్టం కౌలుదారుకు సాగు హక్కు కార్డు ఇస్తది గని భూమి ఓనరు సంతకం కావాలె, భూమి యాడ పోతదో అని ఆయన పెట్టడు. కార్డు లేకుంటే బ్యాంకు లోను రాదు, ఇగ విత్తనం, మందు అంతా కమీషన్ దుకాణంల ఉద్దెర, పంట ఆ దుకాణమాయనకే పొయ్యాలె, రేటు ఆయన చెప్పిందే.

లక్ష్మి అక్క:
అందరూ పొలం లెక్కే చెప్తున్నారు. పొలం కాకుండా ఆ ఇంటికి నెలకింత అని ఎక్కడ్నుంచైనా వస్తోందా? నాకైతే అసలు తేడా అదే అనిపిస్తుంది, కరువు ఏడు అప్పు చెయ్యకుండా గట్టెక్కించేది ఆ డబ్బే.

సీమోడు:
కరెక్టే అక్కా. పెద్దాయన కొడుకు బెంగళూరులో డ్రైవరు, నెలనెలా పంపుతాడు. చిన్నాయనకి మూడు బోర్లు వేసినా చుక్క పడలే, ఆ బాకీకి ఎకరా, కూతురు పెండ్లికి ఇంకో ఎకరా. ఇప్పుడు భార్యకి షుగరు, మందులకి మళ్లీ అప్పే.

లక్ష్మి అక్క:
ఆవిడ డ్వాక్రాలో ఉందా? ఉంటే గ్రూపు లోను తీసుకుని ముందు ఆ మూడు రూపాయల బాకీ కట్టేయమను. షుగరు మాత్రలు పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు, బయట కొననీకు.