ఏవో (AVO) మీటర్ మోడల్ 8: 15 వోల్టుల బ్యాటరీ, మధ్యలో తట్టుకుని ఆగుతున్న ముల్లు

అందరికీ నమస్కారం. మాది కావలి. నాన్నగారు రేడియోలు బాగుచేసిన రోజుల్లో వాడిన ఏవో మోడల్ 8 మీటర్‌ను (వోల్టులు, కరెంటు, రెసిస్టెన్స్ కొలిచే ముల్లు మల్టీమీటర్) మళ్ళీ పనిలోకి తేవాలని ఉంది. డీసీ వోల్టులు డిజిటల్ మీటర్‌తో సరిపోతున్నాయి. 1.5 వోల్టుల సెల్ మార్చాక చిన్న ఓమ్స్ (రెసిస్టెన్స్) రేంజీలూ బాగున్నాయి. పెద్ద రెసిస్టెన్స్ రేంజికి మాత్రం 15 వోల్టుల బ్యాటరీ కావాలి. ఆ సైజుది ఇక్కడా లేదు, నెల్లూరు షాపుల్లోనూ లేదు. 3 వోల్టుల బటన్ సెల్స్ 5 సిరీస్‌లో పెడదామనుకుంటున్నాను. కొత్తవి 15 కన్నా కాస్త ఎక్కువే ఇస్తాయి కదా, సున్నా సర్దే నాబ్‌కి అందుతుందా?

అసలు టెన్షన్ ముల్లుతో. స్కేలు మధ్యలో ఒకచోట తట్టుకుని ఆగుతోంది, అద్దం మీద వేలితో కొడితే కదులుతుంది. సముద్రపు గాలికి లోపలి స్క్రూలు తుప్పుపట్టాయి, కాబట్టి అయస్కాంతం సందులో ఇనుప రజను చేరిందని నా అనుమానం. సన్నగా కోసిన టేపుతో తీయొచ్చంటారు. కానీ ముల్లును సున్నాకి వెనక్కి తెచ్చే ఆ సన్నని హెయిర్‌స్ప్రింగ్ వంగిందంటే మీటర్ పోయినట్టే. స్వయంగా చేసినవాళ్ళు ముందు ఏం విప్పారో, ఏది ముట్టుకోకూడదో చెప్పండి. ఒంగోలు, నెల్లూరు వైపు ఇలాంటి మీటర్లు బాగుచేసే పాత మెకానిక్ ఎవరైనా ఉంటే, నేనే తీసుకుని వస్తాను.