రాగం తీసిన గొంతులు: పద్యనాటక గాయకుల వారసత్వం నిలిచిందా?

నాటకప్రియుడు:
ఈలపాట రఘురామయ్య, స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి. ఒకప్పుడు ఆంధ్రదేశం వెర్రెత్తి విన్న గొంతులివి. ఇవాళ్టి కుర్రకారులో ఈ పేర్లు తెలిసినవారు అరుదు. తప్పంతా సినిమా మీదకు నెట్టేస్తారు గానీ, అసలు కారణం వారు పాడిన తీరులోనే ఉందని నా నమ్మకం.

పద్యానికి నాలుగు పాదాలే. చివరి పాదం ముగియగానే నటుడు రాగం అందుకుని గొంతు సత్తా అంతా చూపేవాడు. జనం 'వన్స్‌మోర్' అంటే మళ్లీ మొదటికి. కౌరవసభలో రాయబారం ఎక్కడిదక్కడ ఆగిపోయేది, అయినా ఎవరికీ విసుగు లేదు, ఆ రాగం కోసమే వచ్చారు కదా. దానికి స్వరం రాసిపెట్టిన వారు లేరు. విని పట్టుకోవాల్సిందే. గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. అందులో పద్యం ఇమిడింది, రాగం మాత్రం ఆ రాత్రితోనే పోయింది. రఘురామయ్య ఈలతోనే రాగం పలికించేవారు. 1975లో పద్మశ్రీ వచ్చింది, అదే ఏడాది కన్నుమూశారు. కృష్ణుడి వేషంలో ఆ ఈల అందుకున్న వారెవరు?

గుంటూరు శ్రోత:
సినిమాను అంత తేలిగ్గా వదిలేయకండి. 'మీరజాలగలడా నా యానతి' పాట స్థానం వారు స్వయంగా రాసుకుని, సత్యభామ వేషంలో రంగస్థలం మీద పాడినది. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో సుశీల పాడారు. పాట అందరి నోటా ఉంది, స్థానం పేరు ఎందరికి తెలుసు? వారసత్వం ఉంది, దాని మీద ఉండాల్సిన పేరే చెరిగిపోయింది. ఈలకూ దిక్కు లేకపోలేదు, కొమరవోలు శివప్రసాద్ దానితో కర్ణాటక కచేరీలే చేశారు.

హార్మోనియం:
కాంట్రాక్టు నాటకాల మాట ఇద్దరూ ఎత్తలేదు. ఒక ఊరి నుంచి కృష్ణుడు, ఇంకో ఊరి నుంచి అర్జునుడు, రిహార్సల్ లేకుండా నేరుగా రంగం మీదకు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు, ఎవరి రంగం వారిది. నాటక సమాజాలు నడిచిన రోజుల్లో పిల్లవాడు చిన్న వేషాలతో మొదలై పెద్దల పక్కన ఎదిగేవాడు. కాంట్రాక్టరుకు టికెట్లు అమ్మే పేరు కావాలి, నేర్చుకునే కుర్రవాడితో ఆయనకేం పని? సురభి నాటక సమాజం వారు కుటుంబాలుగా కలిసి ఉండబట్టే 1885 నుంచి నిలబడ్డారు.

నాటకప్రియుడు:
గుంటూరు శ్రోత గారూ, మీ ఉదాహరణ నా వాదానికే బలం. ఆ పాటకు కట్టిన వరస ఉంది, సుశీల గారైనా ఇంకొకరైనా నేర్చుకుని పాడగలరు. పద్యం చివరి రాగానికి ఆ వీలు లేదు. ఘంటసాల పద్యాలు నేటికీ నోట నిలిచాయంటే, ఆయన రాగం కుదించి మాటను ముందుకు తెచ్చారు గనుకనే. శివప్రసాద్ గారి ఈల గొప్పదే, కానీ అది కచేరీ సంగీతం, నాటకానిది కాదు.

హార్మోనియం గారి మాటతో నాకు పేచీ లేదు. సమాజాలు నిలిచి ఉంటే విని పట్టుకునే వారైనా మిగిలేవారు. ఇళ్లలో ఆ పాత రికార్డులున్న వారు ఏ నాటకమో, ఏ పద్యమో, ఎవరి గొంతో ఇక్కడ రాయండి. చాలా రికార్డుల మీద కాగితం ఊడిపోయింది, గొంతు గుర్తుపట్టగల పెద్దలు ఇంకా కొందరున్నారు.